దూరాన్ని పూటల్లో కొలిచిన మనిషి

పోయిన నెల ఆళ్లగడ్డలో ఒక సమాధి కార్యక్రమం జరిగింది. మట్టి వేసి, చివరి పాట పాడేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నంద్యాల నుంచి, పగిడ్యాల నుంచి, బేతంచెర్ల నుంచి వచ్చినవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. పాట అయిపోయినా ఎవరూ కదలడం లేదు. అందరూ ఏదో ఒక మాట కోసం చూస్తున్నట్టు ఉంది. నాకూ అట్లాగే ఉంది. కొంచెంసేపటికి గానీ అదేమిటో అర్థం కాలేదు. ఇట్లాంటి చోట గుంపు వెనక నుంచి ఒక గొంతు వచ్చేది: "ఎవురెవురు తినలేదప్పా? చేతులెత్తండి." పెండ్లయినా, చావైనా ఆ మాట వినకుండా మేం ఎప్పుడూ ఇంటికి పోలేదు. ఆ రోజు ఆ మాట అనాల్సిన మనిషినే పెట్టెలో పెట్టి దించాం.

నేను అక్కడి సంఘానికి పాస్టరు గారి భార్యను. మా వైపు పాస్టరును అయ్యగారు అంటారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు. వాక్యం చదవడం, చదివింది నలుగురికి చెప్పడం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఉపవాస ప్రార్థన మీద నాకు గట్టి నమ్మకం. పోయినాయనకు తిండి మీద అంతకంటే గట్టి నమ్మకం. కాబట్టి మా ఇద్దరికీ పడేది కాదు అని చెప్పొచ్చు. అంతగా పడిన మనుషులు ఆ సంఘంలో ఇంకెవరూ లేరని కూడా చెప్పొచ్చు.

ఆయన నంద్యాలలో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. నెల్లూరుకు, మద్రాసుకు బేతంచెర్ల నాపరాళ్లు తోలే లారీలు ఆ ఆఫీసు ముందర ఆగేవి. రోజూ ఆళ్లగడ్డలో బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తిండి గురించి అంత ఆలోచించే మనిషి ఒంటికి ఒక్క ముద్దైనా అంటినట్టు కనబడేది కాదు. ఎవరైనా ఎదురైతే ముఖం కంటే ముందు కడుపు చూసేవాడు. "బాగుండావా" అనే పలకరింపు ఆయనకు లేదు. "తిన్యావా" అనేవాడు. తిన్నానంటే వదిలేవాడు కాదు. "ఏం తిన్యావు? ఎన్ని గంటలకు తిన్యావు?" జ్వరంతో పడుకున్నవాళ్ల ఇంటికి మా అయ్యగారు ప్రార్థనకు పోతే, వెనకాలే ఈయన జావ చెంబుతో వచ్చేవాడు. ప్రార్థన సగంలో ఉండగానే మూత తీసి కలపడం మొదలుపెట్టేవాడు. "సల్లారిపోతాండాది అయ్యా, ఆమేన్ అను" అని ఒకసారి పైకే అన్నాడు. మా అయ్యగారు మెత్తని మనిషి. ఆమేన్ అనేశారు.

దూరాలు చెప్పమంటే ఆయన మైళ్లలో చెప్పేవాడు కాదు. నెల్లూరు ఎంత దూరమని అడిగితే "రెండు పూటలు, ఒక టీ" అనేవాడు. మద్రాసు మూడు పూటలు. కర్నూలు వట్టి టీ. దాన్ని ప్రయాణం కిందనే జమకట్టేవాడు కాదు. ఏ ఊళ్లో ఏ వీధిలో ఏం దొరుకుతుందో, అక్కడ వడ్డించేవాడి గుణం ఎట్లాంటిదో కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. వినేవాళ్లు ఆయన దేశమంతా తిరిగాడనుకునేవాళ్లు. అప్పటికి ఆయన జన్మలో గిద్దలూరు దాటి పోలేదు.

ఆ తెలివంతా ఎక్కడిదో నేను ఒకసారి కళ్లారా చూశాను. స్త్రీల కూడికకు పాటల పుస్తకాలు కొందామని నంద్యాల పోయి, తిరుగు బస్సుకు టైముంటే వాళ్ల ఆఫీసు నీడలో నిలబడ్డాను. మద్రాసు నుంచి ఒక లారీ ఖాళీగా వచ్చి ఆగింది. డ్రైవరు దిగీ దిగకముందే ఈయన నాపరాయి మీద కూర్చుని, చెవి మీది పెన్సిలు తీశాడు.

"యాడ తిన్యావు?"

"కావలి కాడ."

"కాడ అంటే? ఊరు రాకముందా, దాటినాకనా?"

"దాటినాక. ఎడం పక్క, రేకుల షెడ్డు."

"ఏం పెట్టిరి?"

"అన్నం, పప్పు, వంకాయ."

"పప్పు ఎన్నిసార్లు పోసిరి?"

"అడిగితే మూడోసారి గూడా పోసినారన్నా."

"మూడోసారి మొగం ఎట్ల పెట్టుకోని పోసిరి?"

డ్రైవరు నిజాయితీగా ఆలోచించాడు. "మూడోసారి కొంచిం గంటు పెట్టుకున్యాడు."

ఆయన లారీ సరుకు రాసే పాత వే బిల్లు కాగితం వెనక ఏదో రాసుకున్నాడు. తొంగి చూశాను. "కావలి, రెండుసార్లు" అని ఉంది. అంతే. సరుకు చేరిందా, టైర్లు బాగున్నాయా అనే మాట ఎత్తలేదు. అట్లాంటి కాగితాలు ఆయన డ్రాయరు నిండా ఉండేవి.

ఇంత మనిషికి ఒక దెబ్బ తగిలింది. అది చెప్పకపోతే తక్కిందేమీ అర్థం కాదు. మా సంఘంలో ఏడాదికొకసారి కోత పండుగ చేస్తాం. పంటలో మొదటి భాగం తెచ్చి గుడిలో పెట్టి, ఆరాధన తర్వాత అందరం కలిసి ప్రేమ విందు తింటాం. ఆ విందుకు పెద్ద గంటె ఎన్నో ఏళ్లుగా ఈయన చేతిలోనే ఉండేది. ఒక ఏడు ఈయన ఆదివారం ఆరాధనకు వచ్చే తలలను బట్టి బియ్యం పోయించాడు. కోత పండుగకు ఏడాది పొడవునా గుడి ముఖం చూడనివాళ్లు కూడా వస్తారన్నది మర్చిపోయాడు. ఆ పూట వాళ్లే ముందు వరసలో కూర్చున్నారు. చివర రెండు వరసల వాళ్లు ఉత్త ఆకుల ముందు అరగంట కూర్చుని లేచిపోయారు. ఆ వారం కమిటీలో నేనే లేచి మాట్లాడాను. దేవుని సన్నిధి నుంచి మనుషులను ఆకలితో పంపడం చిన్న తప్పు కాదని, గంటె ఇంకొకరికి ఇవ్వాలని అన్నాను. ఆయన మరుసటి రోజు గంటెను తోమి, గుడ్డలో చుట్టి, మా ఇంటి అరుగు మీద పెట్టి పోయాడు.

గంటె మా సంఘ పెద్ద ఒకాయనకు దక్కింది. ఆయన కాంపౌండరు. పప్పును సీసాలో మందు పోసినట్టు గీత చూసి పోసేవాడు. రుచి కూడా ఇంచుమించు అదే. ఈయన చివరి వరసలో కూర్చుని, పెట్టింది తిని, ఎవరైనా ఎట్లుంది అని అడిగితే "ఉప్పుండాది" అని చేయి కడుక్కునేవాడు. రెండేళ్లు అట్లా గడిచాయి. మనిషి ఇంకా సన్నబడ్డాడు.

అప్పుడు తరంగంబాడి యాత్ర మాట వచ్చింది. తమిళ దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరది. మా తొలి ప్రొటెస్టెంటు బోధకులు ఓడ దిగిన చోటు. ఒక బస్సు మాట్లాడుకుని, ఒంగోలు చేరి, అక్కణ్ణుంచి సముద్రం వెంబడే కిందికి దిగుతూ పోవాలి. ఆరు రోజులు, నలభై ఇద్దరు మనుషులు. దారిలో ఎక్కడ ప్రార్థన చేయాలి, ఏ సంఘాన్ని పలకరించాలి అని కమిటీలో మాట్లాడుతున్నాం. వెనక బెంచీ నుంచి గొంతు వచ్చింది.

"తినేది యాడ?"

"అది తర్వాత చూద్దాం. ముందు ఆత్మకు ఆహారం" అన్నాను.

"అమ్మా, రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, సావు రానీ అని పండుకున్యాడు జూడు ప్రవక్త, ఆయప్ప కాడికి దేవదూత వచ్చి మొదట ఏమన్యాడు? ప్రార్థన చేయమన్యాడా?"

ఏమన్నాడో నాకు తెలుసు.

"లేసి తినమన్యాడు. రొట్టె కాల్చి తెచ్చినాడు గూడా. ఒకసారి గాదు, రెండుసార్లు."

అందరూ నవ్వారు. కాంపౌండరు మాత్రం నవ్వలేదు. "కోత పండక్కి ఊర్లో ఉండి పెట్టలేనాయన, దారెంబడి పెడతాడంట" అన్నాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. "సరేప్పా. ఆరు దినాలు, నలభై రెండు కడుపులు. ఒక్క పూట ఒక్కరు పస్తుంటే, నేను బతికుండంగా మళ్ల పొయ్యికాడికి రాను. పస్తు ల్యాకుండా తీస్కపోయి తీస్కవస్తే, గంటె నాకియ్యాల." అని కాంపౌండరు వైపు కాకుండా నా వైపు చూశాడు. తీసుకున్నది నేను కాబట్టి ఇవ్వాల్సింది కూడా నేనే. సరేనన్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన పడ్డ పాట్లు ఏ సేనాపతీ పడి ఉండడు. వే బిల్లులన్నీ బయటికొచ్చాయి. గిద్దలూరులో బొరుగుల ఉగ్గాని. మార్కాపురంలో మజ్జిగ, కూర్చునేందుకు నీడ. పొదిలిలో దిగొద్దు. ఎందుకు దిగొద్దో రాయలేదు, అడిగినా చెప్పలేదు. మొదటి దినం, రెండో దినం, మూడో దినం అని వరసగా రాసుకుంటూ పోయాడు. వీటన్నిటికీ శిఖరం రెండో దినం మధ్యాహ్నం, నెల్లూరు. అక్కడ బజారు వెనక సందులో ఒక హోటలు, మామిడికాయ వేసిన చేపల పులుసు. ఎంతమంది డ్రైవర్లను అడిగినా అదే చోటు చెప్పారట. అయినా నమ్మక ఒక డ్రైవరుకు టిఫిను క్యారియరు ఇచ్చి పంపి, ఆ పులుసు తెప్పించుకున్నాడు. అది ఒక రోజు ఆలస్యంగా నంద్యాల చేరింది. ఆ సాయంత్రం ఒక గిన్నెలో పోసి మా ఇంటికి తెచ్చాడు.

"అమ్మా, ఊరికే నాలిక్కి తగిలించండి. మీరు బాగుందంటేనే ఆడ దిగేది."

తగిలించాను. మా అయ్యగారికి మిగల్చాలన్న సంగతి గిన్నె ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది.

"దిగొచ్చా?" అన్నాడు.

"దిగొచ్చు" అన్నాను. దాచేదేముంది, అప్పటినుంచి తరంగంబాడి తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు నెల్లూరు గుర్తొచ్చేది.

ఏప్రిల్ చివరి వారంలో బయలుదేరాలి. మాట్లాడిన బస్సు పెండ్లి వాళ్లతో పోయి రాలేదు. యాత్ర సరిగ్గా ఒక వారం వెనక్కి పోయింది. ఆయన కాగితాల్లో తారీకులూ వారాలూ లేవు, దినాల వరసే ఉంది. కాబట్టి మార్చాల్సిందేమీ లేదనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం.

గురువారం చీకటితోనే ఆళ్లగడ్డలో ఎక్కి, నంద్యాలలో మిగిలినవాళ్లను ఎక్కించుకుని, నల్లమల ఘాటు దాటాం. గిద్దలూరులో ఉగ్గాని కళాయిలో నుంచి దిగే సమయానికి మా బస్సు ఆగింది. ఆయన తినలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వరసల వెంబడి నడుస్తూ ప్రతి ఆకులోకీ చూశాడు. పొదిలిలో బస్సు ఆగకుండా పోయింది. అందరూ కిటికీల్లో నుంచి తలలు పెట్టి, అక్కడ ఏముందో అని భయంగా చూశారు. మామూలు ఊరే. రాత్రికి ఒంగోలులో ఒక బడిలో పడుకున్నాం. పొద్దున కావలి రాకముందే, మద్రాసు నుంచి వచ్చేవాళ్లకు ఊరు దాటినాక వచ్చే ఆ రేకుల షెడ్డు ముందర దిగాం. పొద్దుటి పూట కాబట్టి ఇడ్లీలు. దిగేముందు ఆయన బస్సు తలుపుకు అడ్డం నిలబడి అందరికీ చెప్పాడు. "చట్నీ రెండుసార్లే అడగండప్పా. మూడోసారి అడిగి మన పరువు తీయొద్దండి." నేను నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఆ నాలుగు ఇడ్లీల సంగతి తర్వాత వస్తుంది.

పన్నెండు దాటేసరికి నెల్లూరు. సందు, హోటలు, అంతా డ్రైవర్లు చెప్పినట్టే ఉంది. బల్లలన్నీ మాకే ఖాళీ చేయించారు. ఆకులు పరిచారు, నీళ్లు చల్లారు, ఉప్పూ ఆవకాయా వేశారు, అన్నం కుప్పలు పోశారు. పొగలు వస్తున్నాయి. ఆయన తానే వంటింట్లోకి పోయాడు, పులుసు కుండ తన చేత్తో తేవాలని. అప్పుడు మా బస్సు డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. నంద్యాల సాయిబు, నిదానమైన మనిషి.

"అమ్మా, ఈ పొద్దు జుమ్మా. మసీదు పక్కనే ఉండాదంట. మీరు తినేలోపల నమాజు చేసుకోని వస్తా."

"పోయిరా నాయనా" అన్నాను. అతను పోయాడు. అతను పోయినాక ఆ మాట నా చెవిలో మోగింది. జుమ్మా. శుక్రవారం. మే నెల మొదటి శుక్రవారం.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థన. పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా ఎవరూ ఏమీ ముట్టరు. ఆ నియమం పెట్టింది నేనే. తొమ్మిదేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. జ్వరాలొచ్చినా తప్పనివ్వలేదు.

చుట్టూ చూశాను. ఎవరికీ గుర్తు లేదు. మా అయ్యగారు అన్నాన్ని మధ్యలో గుంత చేసి పులుసు కోసం చూస్తున్నారు. వంటింటి తలుపులో నుంచి ఆయన బయటికొచ్చాడు, రెండు చేతులా కుండ, ముఖం మీద చెమట, నేను ఎన్నడూ చూడని వెలుగు. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. సాయంత్రం గుర్తొచ్చినట్టు చెప్పి, అందరం క్షమాపణ ప్రార్థన చేసుకోవచ్చు. మాట్లాడితే ఈ మనిషి కట్టిన పందెం ఇక్కడే పోతుంది. అర నిమిషం పట్టింది నాకు. ఆ అర నిమిషంలో సగం ఆయన కోసం ఆలోచించాను. తక్కిన సగం, దేవుడు క్షమించాలి, ఆ కుండ కోసం.

లేచి చెప్పాను.

మా అయ్యగారు తాను చేసుకున్న గుంత వైపు చూసుకుంటూ ఉండిపోయారు. ముందుగా తేరుకున్నది కాంపౌండరు. "పొద్దున ఇడ్లీలు తింటిమి గదమ్మా. ఉపవాసం అప్పుడే చెడిపాయ. చెడినాక ఇంగ సంకటమేముంది?"

"తెలియక తిన్నది వేరు, తెలిసి తినేది వేరు" అన్నాను.

"మీరు నాలుగు తింటిరి."

"తిన్నాను. నాలుగూ తెలియకనే తిన్నాను."

ఆయన కుండతో అట్లాగే నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. కోపం లేదు. కోపముంటే బాగుండేది. "ఈ మాట ఇడ్లీల కాడ సెప్పింటే నెల్లూర్ను రేపటికి జరుపుకోని ఉంటి గదమ్మా" అన్నాడు. అన్నాక కుండ దించి అందరి వైపు తిరిగాడు. "లేయండప్పా. ఉపవాసం ఉండేటోళ్లంతా లేయండి. పిల్లోళ్లు, ముసలోళ్లు, చంటిబిడ్డల తల్లులు కూర్సోండి, మీకు నియమం ల్యా."

ఆ పూట మా సంఘంలో ముసలివాళ్లు ఉన్నట్టుండి ఎక్కువయ్యారు. నలభై ఐదేళ్ల మనిషి ఒకాయన నడుం పట్టుకుని కూర్చున్నాడు. అయినా తినకుండా లేచినవాళ్లం ముప్పై మంది దాకా ఉన్నాం.

హోటలు యజమాని పరిగెత్తుకొచ్చాడు. "ఏంది సామీ ఇది, ఆకు ముందర నుంచి లేస్తా ఉండారే? మా దగ్గర ఏం తప్పు జరిగింది?"

"తప్పు నీది గాదన్నా. మా క్యాలెండర్ది" అని ఆయన యజమాని భుజం మీద చేయి వేశాడు. "ఈ అన్నం, పులుసు మాతో పంపు. గిన్నెలు తిరుగు ప్రయాణంలో ఈడనే దించుతాం."

నమాజు చేసుకుని డ్రైవరు వచ్చేసరికి ముప్పై మంది గోడ వెంబడి నిలబడి ఉన్నారు. సంగతి తెలిసి, పాపం, తనకూ వద్దన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. "నువ్వు బండి తోలాల. నీ జుమ్మా అయిపాయ, కూర్సో." అతని ఆకులో మొదటి గంటె పులుసు పడినప్పుడు ముప్పై మందిమీ అటే చూస్తున్నాం. అతను మూడు ముద్దలు తిని తల ఎత్తాడు. "అమ్మా, మీరు అట్ల చూస్తాంటే నాకు గొంతు దిగల్యా" అన్నాడు. అందరం గోడ వైపు తిరిగాం.

మధ్యాహ్నం నుంచి మైపాడు ఒడ్డున సముద్రం చూపించాలని ముందే అనుకున్నాం. అన్నం గంపలు, పులుసు కుండ నడిమి సీట్లలో పెట్టి, కదలకుండా తాళ్లు కట్టి బయలుదేరాం. ఆ ప్రయాణం నేను చచ్చేదాకా మర్చిపోను. బస్సు నిండా పులుసు వాసన. మామిడికాయ, మెంతులు, చేప, అన్నీ విడివిడిగా వస్తున్నాయి. పాటలు మొదలుపెట్టించాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా కుండ మూత లేచి పడేది. మూత లేచినప్పుడల్లా పాట ఆగేది. "పాడండి, పాడండి" అని నేను అరవాల్సి వచ్చేది. నా గొంతూ తప్పుతూనే ఉంది.

మాలో చాలామందికి సముద్రం చూడడం అదే మొదలు. ఏం లాభం? ఒడ్డున కూర్చుని అందరూ సముద్రానికి వీపు తిప్పి, పడమట తాటిచెట్ల మీద ఉన్న పొద్దు వైపు చూస్తున్నారు. ఆయన బస్సు పైకెక్కి నిలబడ్డాడు. కింద నుంచి కాంపౌండరు అడుగుతున్నాడు.

"మునిగెనా?"

"జానెడుండాది."

కొంతసేపటికి మళ్లీ. "ఇప్పుడు?"

"బెత్తెడు."

"నిజం జెప్పు. నువ్వు ఎక్కువ జెప్తాండావు."

"నువ్వే ఎక్కి జూసుకో పో."

తిండి విషయంలో ఏదో ఒక సందు వెతుకుతాడని, రెండు నిమిషాలు ముందే మునిగిందంటాడని నేను అనుమానపడుతూనే ఉన్నాను. చివరి అంచు చెట్ల వెనక్కి పోయి, ఎరుపు కూడా తగ్గినాక గానీ ఆయన నోరు తెరవలేదు. "మునిగిందప్పా. ప్రార్థన జేయండమ్మా" అన్నాడు.

ఉపవాసం ముగించే ప్రార్థన నాది. అది అరగంటకు తక్కువ ఉండదని సంఘమంతటికీ తెలుసు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. దేశం కోసం, సంఘం కోసం, రోగుల కోసం, వరసగా పోతున్నాను. పక్కన ఎవరి కడుపో గట్టిగా అరిచింది. కళ్లు తెరిచి చూశాను. ఆయనదే. గంపల దగ్గర నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. మధ్యాహ్నం డ్రైవరుతో పాటు ఈయన కూడా తినే ఉంటాడని నేను అనుకున్నాను. తొమ్మిదేళ్లలో ఒక్క మొదటి శుక్రవారం కూడా ఉపవాసం ఉండని మనిషి. ఉపవాసం వంట రానోళ్లు కనిపెట్టిందని నా ముఖం మీదనే అన్న మనిషి. రోగుల దగ్గరే ఆపి ఆమేన్ అన్నాను. మా అయ్యగారు ఆశ్చర్యంతో ఆమేన్ చెప్పడం మర్చిపోయారు.

ఇసుకలో ఆకులు వేసి ఆయన వడ్డించాడు. అంత నిశ్శబ్దమైన ప్రేమ విందు నేను చూడలేదు. పులుసు సాయంత్రానికి ముదిరి, ఇంకా బాగుంది. నాలుగోసారి పోయించుకున్నవాళ్లు ఉన్నారు. ఆయన ముఖం గంటు పెట్టలేదు.

అందరూ వేళ్లు నాకుతుండగా కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. "అన్నీ బాగుండాయి. నేను కాదన్ల్యా. అయితే మాటంటే మాట. మధ్యాన్నం పూట ఒక్కరు గాదు, ముప్పై మందిమి పస్తుంటిమి."

ఆయన వడ్డించడం ఆపాడు. గంటె కుండ మూత మీద పెట్టాడు. "నిజమే" అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

నేను వాక్యం బట్టి తీర్పు చెప్పే మనిషిని, మొహమాటం మీద చెప్పను. కాబట్టి ఆలోచించాను. తొమ్మిదేళ్ల మొదటి శుక్రవారాలు గుర్తు చేసుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించేదాన్ని కాదు. ఎవరి ఇంట్లోనూ వెలిగించవద్దని చెప్పేదాన్ని. తినేందుకు ఏమీ లేని ఇంట్లో తినకుండా ఉండి, దాన్ని దేవునికి అర్పణ అన్నాం.

"కాంపౌండరు గారూ, మధ్యాహ్నం ఆకు వేశారా లేదా?" అని అడిగాను.

"వేసిరి."

"అన్నం పెట్టారా లేదా?"

"పెట్టిరి."

"పెట్టే మనిషి పెట్టాడు. మనం లేచాం. ఆ తిండి మన పక్క సీట్లో కూర్చుని ఇక్కడిదాకా వచ్చింది. అది పస్తెట్లవుతుంది? ఆకలి మనమే దేవునికని పెట్టుకున్నది. తొమ్మిదేళ్లుగా నేను పొయ్యి ఆర్పి ఉపవాసం ఉంటున్నాను. నిజంగా ఉపవాసం ఉన్నది ఈ పొద్దే."

కాంపౌండరు ఆకులో ఇంకా చేప తల ఉంది. దాని మీద దృష్టి పెట్టాడు. మూత మీది గంటె తీసి నేను పందెం కట్టినాయన చేతికిచ్చాను. అది హోటలు వాళ్ల గంటె, మాది కాదు. అయినా అందరికీ అర్థమైంది. ఆయన దాన్ని పట్టుకుని చాలాసేపు ఇసుక వైపు చూశాడు. కన్నీళ్లు పెట్టుకుంటాడేమో అనుకున్నాను.

"అయితే అమ్మా," అన్నాడు, "ఇంగ మొదటి శుక్రవారం వస్తే పొయ్యి ఎలిగించమంటారా?"

ఒడ్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. వెలిగించమన్నాను.

అప్పటినుంచి పదేళ్లకు పైగా మా ఉపవాస ప్రార్థన అట్లాగే జరిగింది. మధ్యాహ్నం రెండుకు గుడి వెనక పొయ్యి వెలిగేది. ఆ పూట ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చేవాడు. మూడు గంటలకు, నేను సరిగ్గా వాక్యం మధ్యలో ఉన్నప్పుడు, ఉల్లిగడ్డలు వేగేవి. నాలుగుకు మసాలా. కిటికీలు మూయమని ఎవరో అంటే నేను ఒప్పుకోలేదు. అయిదు దాటినాక ఆయన కిటికీ దగ్గరికి వచ్చి లోపలి తలలు లెక్కపెట్టి, ఆ లెక్కకు సగం కలిపి బియ్యం పోసేవాడు. ప్రార్థనకు వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లలో కొందరు పులుసు కోసమే వచ్చారని నాకు తెలుసు. వచ్చి, వాసన పీలుస్తూ మూడు గంటలు ముట్టకుండా కూర్చున్నారు. దానికి ఇంకేం పేరు పెట్టాలో నాకు తెలియదు.

ఈ నెల మొదటి శుక్రవారం గుడికి పోయాను. కిటికీలు అన్నీ తెరిచే ఉన్నాయి. గుడి వెనక పొయ్యి మాత్రం వెలగలేదు. వాక్యం చెప్పాను, ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తప్పలేదు. పొద్దు గూకేదాకా నాకు ఆకలే కాలేదు. అంత తేలిగ్గా గడిచిన ఉపవాసాన్ని దేవుడు ఉపవాసమని ఒప్పుకుంటాడని నేను అనుకోను.